మాత్ర వేసుకునే వారం

2011 డిసెంబరులో ఒక ఉదయం వీణ శ్రుతి చేద్దామని కూర్చుంటే తీగ బిగించే బిరడా తిరగలేదు. వానాకాలంలో కర్ర ఉబ్బి బిరడాలు బిగుసుకోవడం మామూలే గానీ, అది చలికాలం. కాస్త గట్టిగా తిప్పబోయేసరికి మణికట్టులో సూది దిగినట్టయింది. బిరడా బాగానే ఉంది. బిగుసుకున్నది నా చెయ్యి. ఆ సంగతి తెలియడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది.

అప్పటికి నాకు ముప్పై ఏళ్లు. విశాఖపట్నంలో ఒక బ్యాంకులో క్యాష్ కౌంటర్లో ఉద్యోగం. మూడేళ్ల కూతురు. మావారికి స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీలు. అత్తయ్య మాతోనే ఉండేది. నేను పుట్టి పెరిగింది విజయనగరం. తొమ్మిదో ఏట వీణ పట్టుకున్నాను. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన మహారాజా సంగీత కళాశాలలోనే డిప్లొమా చేశాను. ఆ మెట్లెక్కి లోపలికి వెళ్తుంటే ఒక గదిలోంచి వయొలిన్, ఒక గదిలోంచి మృదంగం వినపడేవి. ఇప్పటికీ విజయనగరం అంటే నాకు ముందు చెవుల్లోనే గుర్తొస్తుంది. డిప్లొమా పాసైన ఏడు నాన్న నన్ను బొబ్బిలి పక్కన గొల్లపల్లి తీసుకెళ్లి, అక్కడ వీణలు చేసే వారి దగ్గర ఒకే పనసమానులోంచి తొలిచిన ఏకాండి వీణ కొనిపెట్టారు. ఆయన ఆరు నెలల పొదుపు అది. ఉద్యోగం వచ్చాక, పెళ్లయ్యాక కూడా ఆ వీణ నాతోనే వచ్చింది. వీణ కళాకారిణిగా ఆకాశవాణిలో బి గ్రేడ్ వచ్చింది. పై గ్రేడుకు ఆడిషన్ ఇవ్వాలని సాధన చేస్తున్న రోజుల్లోనే ఈ బిరడా సంగతి.

మొదట్లో అందరూ తలో మాటా చెప్పారు. వాతం అన్నారు. ఎప్పుడో వచ్చిపోయిన చికున్‌గున్యా తాలూకు నొప్పులన్నారు. అత్తయ్య ఆముదం వెచ్చబెట్టి రాసేది. వీధి చివర డాక్టరు గారు నొప్పి మాత్రలు రాసిచ్చేవారు. అవి వేసుకున్న నాలుగు గంటలూ బాగుండేది, ఆ తర్వాత మళ్లీ అంతే. పొద్దున్న లేవగానే గంటన్నర సేపు పిడికిలి ముడుచుకునేది కాదు. పాల ప్యాకెట్ కొస కత్తిరించలేను, పాపకు గౌను బొత్తాలు పెట్టలేను. పదిన్నర, పదకొండు అయ్యేసరికి చేతులు కాస్త వదులయ్యేవి. దాంతో బ్యాంకులో నన్ను చూసినవాళ్లకు నాకేమీ లేనట్టే ఉండేది.

2012 మేలో ఒక స్నేహితురాలు బలవంతపెట్టి కీళ్లవాతం డాక్టరు, అంటే రుమటాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన నా రెండు చేతులూ పక్కపక్కన పెట్టి, వేళ్ల మధ్య కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూశారు. రెండు చేతుల్లోనూ ఒకే కణుపులు వాచాయి. రక్తపరీక్షలు రాశారు: ఆర్.ఎఫ్., యాంటీ సీసీపీ, ఈఎస్ఆర్, సీఆర్‌పీ. అన్నీ ఎక్కువే వచ్చాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే పొరపాటున కీళ్ల లోపలి పొర మీద పడుతుందని, వదిలేస్తే ఎముకను తినేస్తుందని, మందులతో అదుపులో పెట్టవచ్చు గానీ పూర్తిగా పోయేది కాదని నెమ్మదిగా చెప్పారు. నేను అడిగిన మొదటి ప్రశ్న వీణ గురించే. ఆయన కొంచెంసేపు ఆలోచించి, "మందు ముందు పనిచేయనివ్వండి. అప్పుడు చూద్దాం" అన్నారు. వాయించవద్దని అనలేదు. బస్సులో ఇంటికి వస్తూ ఆ ఒక్క మాటే పట్టుకుని కూర్చున్నాను.

మెథోట్రెక్సేట్ మొదలైంది. ఈ మాత్ర గురించి ఒక సంగతి చెప్పి తీరాలి. కీళ్లవాతానికి దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మందుల షాపులో చీటీ మీద రాసేటప్పుడు జరిగే పొరపాటు కూడా ఇదే. అందుకని అత్తయ్య ఆ అట్టను మిగతా మందుల్లో కలవనివ్వకుండా పాత కుంకుమ భరిణెలో పెట్టి దేవుడి గూట్లో దాచేది. వారానికి ఒకసారి తనే తీసి ఇచ్చేది. దీని ఇబ్బందులు తగ్గడానికి ఫోలిక్ యాసిడ్ విడిగా. దీంతోపాటు హైడ్రాక్సీక్లోరోక్విన్. ఆ రెండో మందు కోసం ఏడాదికోసారి కంటిపరీక్ష, మొదటిదాని కోసం రెండు మూడు నెలలకోసారి లివరుకూ రక్తకణాలకూ పరీక్షలు.

మాత్ర వారంలో ఏ రోజు వేసుకుంటారని డాక్టరు గారు అడిగితే అందరం ఒకటే చెప్పాం. శనివారం రాత్రి. మర్నాడు ఆదివారం, వికారంగా ఉన్నా, నీరసంగా ఉన్నా ఇంట్లో పడుకోవచ్చు, ఉద్యోగానికి ఇబ్బంది ఉండదు. అంతకన్నా సరైన రోజు ఉంటుందని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

మందు పట్టుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఈలోగా చేతి ఉంగరం బిగిసిపోయి కంసాలి దగ్గర కోయించాల్సి వచ్చింది. దానికి నేనంత బాధపడలేదు. కాలి వేళ్లు వాచినప్పుడు మాత్రం వణికిపోయాను. చెప్పుల్లో కాళ్లు పట్టడం లేదు, మెట్టెలు చర్మంలోకి దిగబడ్డాయి. తీయమని ఎవరినీ అడగలేకపోయాను. భర్త ఉండగా మెట్టెలు తీయడమనే మాట మా ఇళ్లల్లో నోట రాదు. అత్తయ్యే ఒక సాయంత్రం పళ్లెంలో సబ్బునీళ్లు తెచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది. వెండి మెట్టెల అంచులు నెమ్మదిగా వెడల్పు చేసి, ఒకటి తీసి, రెండోది తీసి, వాటిని తుడిచి అమ్మవారి పటం ముందు పెట్టింది. "వాపు తగ్గాక అమ్మే మళ్లీ పెట్టిస్తుంది" అంది. అప్పటిదాకా ఆవిడా నేనూ మాట్లాడుకున్నవి వంటింటి మాటలే. ఆ రోజు నుంచి ఆవిడతో ఏ నొప్పి గురించైనా చెప్పగలిగాను.

బ్యాంకులో మాత్రం చెప్పడం రాలేదు. నోట్లు లెక్కపెట్టే మెషిన్ ఉన్నా చిరిగినవీ, మాసినవీ చేత్తోనే వేరు చేయాలి. వంద నోట్ల కట్టను విసనకర్రలా విప్పి లెక్కపెట్టేటప్పుడు పని చేసేవి సరిగ్గా వీణ తీగ నొక్కే వేళ్లే. చిల్లర సంచులు ఎత్తడం ఇంకో కష్టం. క్యాష్ నుంచి వేరే సీటుకు మార్చమని మేనేజరు గారికి అర్జీ పెట్టాను. ఆయన నా చేతుల వైపు చూసి, "బాగానే ఉన్నాయి కదమ్మా" అన్నారు. మధ్యాహ్నం పన్నెండింటికి చూస్తే ఎవరికైనా బాగానే కనపడతాయి. ఉదయం ఆరింటికి వచ్చి చూడమని ఎలా చెప్పను? రెండేళ్ల తర్వాత వచ్చిన మేనేజరు గారికి డాక్టరు చీటీతో పాటు నా ఒక రోజు ఎలా గడుస్తుందో గంటగంటకూ కాగితం మీద రాసి ఇచ్చాను. ఆవిడ అది చదివి వారంలోపే లోన్ల సీటుకు మార్చారు. అప్పటి నుంచి ఈ జబ్బు ఉన్నవాళ్లు ఎవరైనా అడిగితే చెబుతున్నాను: నొప్పిగా ఉందని చెబితే ఎవరికీ పట్టదు, ఏ గంటకు ఏ పని చేయలేమో రాసి చూపించాలి.

ఇంట్లో నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది పాప జడ. ఎల్‌కేజీకి వెళ్లే పిల్లకు పొద్దున్న ఏడింటికి జడ వేయాలి, సరిగ్గా నా వేళ్లు రాని వేళ. ఒక రోజు కోపంతో జుట్టు పొట్టిగా కత్తిరించేశాను. అది అద్దంలో చూసుకుని ఏమీ అనలేదు, బడికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మావారు నైట్ షిఫ్టుకు వెళ్లేముందు కొబ్బరి పీచు మూడు పాయలు చేసి అత్తయ్య దగ్గర జడ అల్లడం నేర్చుకుంటూ కనిపించారు. జుట్టు పెరిగాక ఆయనే వేశారు, ఏడో తరగతి దాకా.

రెండో బిడ్డ కావాలని మాకు ఉండేది. మెథోట్రెక్సేట్ వాడుతూ గర్భం రాకూడదు, బిడ్డకు ప్రమాదం. డాక్టరు గారు అది ఆపేసి, కనీసం మూడు నెలలు ఆగి, అప్పుడు ప్రయత్నించమన్నారు. ఈలోగా హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ వాడొచ్చన్నారు. 2014 వేసవిలో నెల తప్పాను. ఈ జబ్బులో ఒక విచిత్రం ఉంది. గర్భంతో ఉన్నన్నాళ్లూ చాలామందికి కీళ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి. నాకూ అలాగే అయింది. నాలుగో నెల వచ్చేసరికి పిడికిలి బిగించగలిగాను. ఐదో నెలలో, అక్టోబర్ 12న, హుద్‌హుద్ తుపాను వచ్చింది. విశాఖలో ఆ గాలి విన్నవాళ్లెవరూ దాన్ని మర్చిపోరు. చెట్లన్నీ కూలిపోయాయి, కరెంటు స్తంభాలు వంగిపోయాయి. మా వీధికి కరెంటు రావడానికి వారం దాటింది. నీళ్ల ట్యాంకరు దగ్గర మావారూ అత్తయ్యా బిందెలు పట్టుకుని నిలబడేవారు. నన్ను కదలనివ్వలేదు. నేను చీకటి పడగానే కొవ్వొత్తి పెట్టుకుని వీణ ముందు కూర్చునేదాన్ని. టీవీలు లేవు, ఫ్యాన్లు లేవు, వీధంతా నిశ్శబ్దం. పాత వేళ్లు తిరిగి వచ్చాయి. తోడి రాగం వాయించాను. గాంధారం మీద తీగ లాగి ఊపితే ఎక్కడా నొప్పి లేదు. పై వాటా వాళ్లు మెట్ల మీదికి వచ్చి కూర్చునేవారు. మంచినీళ్లు లేని ఆ వారం నా సంగీత జీవితంలో అన్నిటికన్నా మంచి వారం. ఈ మాట ఊళ్లో నష్టపోయినవాళ్ల ముందు ఎప్పుడూ అనలేదు.

2015 మార్చిలో బాబు పుట్టాడు. కాన్పయ్యాక జబ్బు తిరగబెట్టవచ్చని డాక్టరు గారు ముందే చెప్పారు. ఇంతలా తిరగబెడుతుందని అనుకోలేదు. బాబుకు రెండో నెల వచ్చేసరికి మోకాళ్లు, భుజాలు, దవడ కూడా పట్టేశాయి. కాళ్లు చాపుకుని బిడ్డను పడుకోబెట్టుకుని నలుగు పెట్టి నీళ్లు పోయడానికి నా మోకాళ్లు సహకరించలేదు. అత్తయ్య పోసేది, నేను గడప మీద కూర్చుని చూసేదాన్ని. ఎత్తుకుంటే వేళ్ల మీద బరువు పడకుండా మోచేతుల మీదే ఎత్తుకునేదాన్ని. తక్కువ మోతాదు స్టెరాయిడ్‌తో నెట్టుకొచ్చాను. మూడు నెలలు పాలిచ్చాక ఇక ఆగలేక మెథోట్రెక్సేట్ మళ్లీ మొదలుపెట్టాను. అది వాడుతూ పాలివ్వకూడదు. ఆఖరిసారి పాలిచ్చిన రాత్రి వాడు నిద్రపోయాక కూడా ఒళ్లోంచి దించలేదు. మళ్లీ శనివారం రాత్రి మాత్ర, ఆదివారం వికారం.

ఆ ఏడాదే వీణకు గుడ్డ కప్పి గోడకు చేర్చాను. పూర్తిగా వాయించలేనప్పుడు ఎందుకని అనుకున్నాను. ఎవరైనా అడిగితే పిల్లలు చిన్నవాళ్లు కదా అని చెప్పేదాన్ని.

2016 నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్ల రద్దు ప్రకటన వచ్చింది. పదో తేదీ నుంచి కౌంటర్లు తెరిచాం. ఆ రెండో శనివారం, ఆదివారం కూడా బ్యాంకులు పనిచేశాయి. లోన్ల సీటు, ఆ సీటు, ఈ సీటు అన్న తేడా లేకుండా అందరం క్యాష్‌లోనే. బయట ముసలివాళ్లు ఎండలో నిలబడి ఉంటే నాకు వేళ్ల నొప్పని ఎలా చెప్పను? చెప్పలేదు. ఐదు వందలు, వెయ్యి నోట్లు డిసెంబరు 30 దాకా లెక్కపెడుతూనే ఉన్నాను. జనవరిలో కుడి మణికట్టు వంగడం మానేసింది. స్కానింగ్‌లో ఎముక అంచున చిన్న గాట్లు కనిపించాయి. అవి ఇక పూడవు. ఆఫీసర్ ప్రమోషన్‌కు పరీక్ష రాయమని ఆ నెలలోనే పిలుపొచ్చింది. ప్రమోషన్ అంటే వేరే జోన్‌కు ట్రాన్స్‌ఫర్. నా డాక్టరు, అత్తయ్య, మావారి షిఫ్టులు అన్నీ ఈ ఊళ్లోనే. వద్దని రాసిచ్చాను. నాతో చేరినవాళ్లు ఈ రోజు చీఫ్ మేనేజర్లు. వాళ్ల పేర్ల కింద సంతకం పెట్టేటప్పుడు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది, అది దాచుకోను.

2017 సంక్రాంతికి విజయనగరం వెళ్లాను. నా వీణ గురువు గారికి అప్పటికి డెబ్భై దాటాయి. నన్ను చూడగానే చేతులు పట్టుకుని వేళ్ల కణుపులు తడిమారు.

"వాయిస్తున్నావా?"

"లేదండీ. వారమంతా బ్యాంకు. సాయంత్రానికి ఒంట్లో ఓపిక ఉండదు. పొద్దున్న వేళ్లు కదలవు."

"ఆదివారం?"

"శనివారం రాత్రి మాత్ర వేసుకుంటానండీ. ఆదివారమంతా తల ఎత్తలేను."

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ మాత్ర ఆదివారం మీదే ఎందుకు పెట్టావే అమ్మాయ్?" అన్నారు.

నేను జవాబు చెప్పబోయి ఆగిపోయాను. ఐదేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అది. నా చేతులు బాగా పనిచేసే వేళ పొద్దున్న పదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా. వారంలో ఐదారు రోజులు ఆ గంటలు బ్యాంకువి. మిగిలింది ఆదివారం ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ మేమంతా కలిసి జబ్బుకు రాసిచ్చేశాం. జీతం పోకూడదు, వంట ఆగకూడదు, పిల్లల బడి తప్పకూడదు. పోతే పోయేది వీణే కదా అని పైకి ఎవరూ అనలేదు గానీ, ఆ శనివారం మాటలో ఉన్నది అదే. అన్నదాన్ని నేనే.

ఇంటికి వచ్చాక డాక్టరు గారిని అడిగాను. రోజు మార్చుకోవచ్చు, ఇష్టం వచ్చినట్టు కాకుండా నేను రాసిచ్చినట్టు మార్చండి అని ఒక చీటీ రాసిచ్చారు. మంగళవారం అనుకున్నాను గానీ అత్తయ్య ఒప్పుకోలేదు, మంగళవారం కొత్తది మొదలుపెట్టకూడదంది. బుధవారం రాత్రికి స్థిరపడింది. అంటే గురువారం బ్యాంకులో నా తల దిమ్ముగా ఉంటుంది. ఈసారి దాచలేదు. పక్క సీట్లలో వాళ్లకు జబ్బు పేరుతో సహా చెప్పాను. గురువారం కొత్త లోన్ ఫైళ్లు తీసుకోను, పాతవాటి కాగితాలు సరిచూస్తానని అన్నాను. ఒకావిడ ముఖం ముడుచుకుంది, మిగతావాళ్లు సరేనన్నారు. ముఖం ముడుచుకున్నావిడే ఆరు నెలల తర్వాత తన థైరాయిడ్ గురించి నాతో మాట్లాడింది. ఇంట్లో గురువారం రాత్రి పొయ్యి వెలిగించము. మధ్యాహ్నం అత్తయ్య కలిపి ఉంచిన పెరుగన్నం, ఆవకాయ. బాబు కొన్నాళ్లు గురువారం అంటే పెరుగన్నం పండుగనే అనుకునేవాడు.

ఆదివారం పదకొండింటికి వీణ గుడ్డ తీశాను. మొదటి రోజు సరళీ వరుసలే, పన్నెండు నిమిషాలు. వాచి పెట్టుకుని ఆపేశాను. మైనం ఎండి వీణ మీది మెట్లు రెండు కదిలిపోయి ఉన్నాయి, కొత్త మైనంతో మళ్లీ కూర్పించాను. తీగల బిగువు తగ్గాలని మూడు శ్రుతి నుంచి రెండుకు దించాను. నేల మీద బాసింపట్టు వేయలేను కాబట్టి పొట్టి బల్ల చేయించి, వీణను దాని మీద పెట్టి కుర్చీలో కూర్చున్నాను. కుర్చీలో కూర్చుని వాయించడం తప్పేమో అని నాకు చాలాకాలం అనిపించింది.

అసలు ఇబ్బంది ఎడమ చేతితో. వీణలో గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, ఎక్కువగా తీగను పక్కకు లాగడంలోనే ఉంటుంది. ఒకే మెట్టు మీద వేలు నొక్కి ఉంచి లాగితే రెండు మూడు స్వరాలు పలకాలి. నా చూపుడువేలు, నడిమివేలు ఆ లాగుడు ఇక భరించవు. గురువు గారు ఫోనులో విని ఒక ఆదివారం అన్నారు: "లాగలేకపోతే మెట్ల మీద నడువు. జారు ఎందుకుంది?" ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టుకు వేలిని జార్చి అదే స్వరాన్ని అందుకోవడం. అది నాకు తెలియనిదేం కాదు, చిన్నప్పుడే నేర్చుకున్నదే. కానీ లాగి వాయించడమే గొప్ప అనుకుంటూ పెరిగాను. ఏనుగులు లాగినంత బలంగా తీగ లాగే విద్వాంసులను రేడియోలో విని పెరిగిన తరం మాది. ఇరవై ఏళ్ల అలవాటును వేళ్లతో మరిపించడానికి రెండేళ్లు పట్టింది. మోహన, హంసధ్వని ముందు లొంగాయి. కల్యాణి చాలా మటుకు వచ్చింది. కుడిచేతి వేళ్లలో సత్తువ మిగిలే ఉంది కాబట్టి తానం మీద ఎక్కువ సేపు గడిపాను. తానం అంటే లయతో మీటుతూ రాగాన్ని అల్లడం. అది మీటులో ఉంటుంది, ఎడమచేతికి విశ్రాంతి దొరుకుతుంది. తోడి రాలేదు. శహాన రాలేదు. అవి నా చేతుల్లోంచి వెళ్లిపోయాయి. తుపాను రాత్రి వాయించిన తోడే ఆఖరిదని తెలిసి ఉంటే ఇంకాస్త సేపు వాయించేదాన్ని.

ఆకాశవాణి పై గ్రేడు ఆడిషన్ ఆలోచన వదులుకున్నాను. పిల్లలకు పాఠం చెప్పడం మొదలుపెట్టాను, ఆదివారమే, పన్నెండు నుంచి రెండు దాకా నలుగురు పిల్లలు. డబ్బు కోసమని కాదు గానీ, ఆ డబ్బుతోనే నా రక్తపరీక్షలు గడిచిపోతాయి. అది నాకు చాలా తృప్తి. 2019 దసరాకి మా పేట గుళ్లో ఇరవై ఐదు నిమిషాలు వాయించాను. ముందు రెండు రోజులు వంటింట్లోకి వెళ్లలేదు, తర్వాత మూడు రోజులు సెలవు పెట్టాను. వాపు వచ్చింది, నాలుగో రోజుకు తగ్గింది. ఆ లెక్క ముందే వేసుకుని వెళ్లాను కాబట్టి భయం వేయలేదు.

ఆ మరుసటి ఏడు 2020. మార్చిలో హైడ్రాక్సీక్లోరోక్విన్ కరోనాకు పనిచేస్తుందన్న మాట దేశమంతా పాకింది. రోజూ వాడే మాకు అది దొరకకుండా పోయింది. ఆ నెలలోనే ప్రభుత్వం దాన్ని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్1లో చేర్చింది. చీటీ ఉన్నా షాపుల్లో సరుకు లేదు. మావారు మాస్కు కట్టుకుని స్కూటరు మీద గాజువాక నుంచి ఎం.వి.పి. కాలనీ దాకా షాపు షాపూ తిరిగి పదిహేను మాత్రలు తెచ్చారు. బ్యాంకులు అత్యవసర సేవలు కాబట్టి తెరిచే ఉన్నాయి. రోగనిరోధక శక్తిని అణిచే మందు వాడుతున్న నేను జనం మధ్యకు వెళ్లాలి. కొన్ని వారాలు సెలవు దొరికింది, కొన్ని వారాలు అద్దం వెనక కూర్చున్నాను. ఆ రోజుల్లో పిల్లలకు ఫోనులో పాఠం చెప్పేదాన్ని. మాట కన్నా స్వరం ఆలస్యంగా వెళ్లేది. అయినా ఒక్క ఆదివారం కూడా మానలేదు.

ఇప్పుడు అత్తయ్యకు డెబ్భై ఎనిమిది. తుంటి ఎముక విరిగాక చేతికర్రతో నడుస్తుంది. ఆవిడను మంచం మీంచి లేపి కూర్చోబెట్టే బలం నా చేతుల్లో లేదు. నాకు ఇంత చేసినావిడకు ఆ పాటి చేయలేకపోవడం నన్ను రోజూ కోస్తుంది. మనిషిని పెట్టుకున్నాం. బుధవారం రాత్రి భరిణె మాత్రం ఇప్పటికీ ఆవిడే తెరుస్తుంది. మూత తీయడం తన వల్ల కాకపోతే బాబు తీసి ఇస్తాడు, మాత్రలు ఆవిడే లెక్కపెట్టి నా అరచేతిలో వేస్తుంది.

శ్రుతి నేను చేసుకోలేను. బిరడా తిప్పే బలం మణికట్టుకు తిరిగి రాలేదు. ఇన్నేళ్లూ ఆ పని మా అమ్మాయిదే. దానికి సంగీతం మీద పెద్ద ఇష్టం లేదు, ఒక్క వరస కూడా నేర్చుకోలేదు. కానీ నేను మీటుతుంటే చెవి పెట్టి, "ఇంకొంచెం పైకా అమ్మా?" అంటూ తిప్పుతుంది. దాని చెవి నా చెవి కన్నా నిక్కచ్చి. ఇప్పుడు ఇంజనీరింగ్ కోసం హాస్టల్‌కు వెళ్లిపోయింది. వెళ్లేముందు ఆదివారం తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బిరడా ఎలా పట్టుకోవాలో, లోపలికి నొక్కుతూ ఎలా తిప్పాలో చూపించింది. పదేళ్లవాడు, చేతుల్లో దూకుడు ఎక్కువ. మొదటి రోజే సారణి తెంపాడు. తెగిన తీగ చెంపకు తగిలి ఏడుపు ముఖం పెట్టాడు. నేను కొత్త తీగ చుట్ట తీసి ఇచ్చాను. కొస దూర్చడం నాకు రాదు, వాడి వేళ్లకే వచ్చింది. మొన్నటి ఆదివారం పదకొండున్నర అయింది శ్రుతి కుదిరేసరికి. నా గంటలో సగం పోయింది. వాడు బిరడా మీద చెయ్యి తీయకుండా, "ఇప్పుడు వాయించు, జారిపోతే మళ్లీ తిప్పుతా" అన్నాడు.